మానిటరుని పడుకోబెట్టే వేళ

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. పుట్టింట్లో అమ్మ దాన్ని జబ్బు అనేది. పెళ్ళయ్యాక మా ఆయన కాలుగాలిన పిల్లి అని పేరు పెట్టాడు. అలాంటిదాన్ని తీసుకొచ్చి ఒడిశాలోని రాయగడలో, మామగారి హోల్‌సేల్ కిరాణా దుకాణం వెనక గదిలో, శనగపప్పు బస్తాలకీ నూనె డబ్బాలకీ మధ్య ఒక కంప్యూటరు పెట్టి దాని ముందు కూర్చోబెట్టారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట ఇది. పొద్దున్న దుకాణం తీసిన దగ్గర్నుంచి సాయంత్రం కట్టేసేదాకా అక్కడే ఉండేదాన్ని. కుర్చీ కాళ్ళు అరిగాయి గానీ నేను కుదురుకోలేదు.

కంప్యూటరు నాకు కొత్త కాదు. కోరాపుట్‌లో నాన్నకి బట్టల దుకాణం ఉండేది. తొంభైల్లో అక్కడ కంప్యూటరు నేర్పే చోటు ఒకటి పెడితే, పోరు పెట్టి మరీ చేరాను. చెప్పులు బయట విప్పి లోపలికి వెళ్ళాలి. అసలే కోరాపుట్ చలి, దానికి తోడు ఆ గదిలో ఏసీ. మీటలు ముట్టుకోవాలంటే ముందు సారు చెప్పాలి, ఆయన చెప్పేలోపు గంట అయిపోయేది. పొట్టంగి నుంచి వచ్చే అమ్మాయి ఒకతె కోర్సు సగమయ్యేదాకా మౌసు మీద చెయ్యే వెయ్యలేదు. పగిలిపోతే ఎవరు కట్టుకుంటారని దాని భయం. నాకా భయం లేదు. నా వంతు కాకపోయినా చెయ్యి పెట్టి తిట్లు తినేదాన్ని.

రాయగడలో మేం ముగ్గురమే. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. పిల్లలు అప్పటికి లేరు. మా ఆయన సరుకు కొనడానికి వారంలో సగం రోజులు విజయనగరం, పార్వతీపురం తిరిగేవాడు. దుకాణం మామగారిది. లెక్కల యంత్రాన్ని కూడా గల్లాపెట్టె దగ్గరికి రానివ్వని మనిషి ఆయన. నోటిలెక్కే. అవతలివాడు సరుకు పేర్లు చెప్పడం పూర్తయ్యేసరికి ఈయన మొత్తం చెప్పేసేవారు. అలాంటాయన ఒక రోజు భోజనం దగ్గర, బిల్లులకి కంప్యూటరు తెప్పిస్తున్నాననీ కోడలు కూర్చుంటుందనీ అన్నారు. బజారంతా ముక్కున వేలేసుకుంది. ఆయన మాత్రం, సదువు ఊరికే ఉంటే పురుగు పడతాదని అందరికీ ఒకటే జవాబు చెప్పేవారు. నా చదువుని గుర్తించిన మనిషి ఈ ఇంట్లో ఒకరున్నారని నేను పొంగిపోయాను. ఆ పొంగు చాలాకాలం చల్లారలేదు.

బిల్లులు రాసే ప్రోగ్రాము తెర నీలం, అక్షరాలు పసుపు. అది తప్ప ఇంకేది తెరిచినా తెర తెల్లబడేది. దుకాణంలో ఎవరికీ ఇంగ్లీషు రాకపోయినా ఈ తేడా మాత్రం అందరికీ తెలిసిపోయింది. నీలంగా ఉంటే దుకాణం పని, తెల్లగా ఉంటే నా సొంత పని. బస్తాలు మోసే కలాసీలు కూడా గదిలోకి వస్తూ, ఏటమ్మా ఈ వేళ తెల్లదా అని నవ్వేవారు. నేనేం చేస్తున్నానో ఎవరూ చదవక్కర్లేదు, దూరం నుంచి రంగు చూస్తే చాలు. ఇంతకంటే పెద్ద కాపలా ఇంకోటి ఉండదు.

ఇంక సాయంత్రం దీపం సంగతి. అత్తగారు పోయాక ఆ పని మామగారే చేసేవారు. దీపాలవేళకి ఇంట్లో దేవుడి దగ్గర వెలిగించిన ఇత్తడి ప్రమిదని పళ్ళెంలో పెట్టుకుని దుకాణంలోకి వచ్చి, తక్కెడకి, గల్లాపెట్టెకి బొట్టు పెట్టి, దీపం చూపించి దణ్ణం పెట్టుకునేవారు. అన్నం పెట్టే వస్తువు ఏదైనా ఆయనకి లక్ష్మే. కాబట్టి కంప్యూటరు వచ్చిన రోజు నుంచి దానికీ బొట్టు మొదలైంది. మానిటరు అద్దం మీద, సరిగ్గా పై అంచున, కుంకం బొట్టు. ఆ బొట్టు ఏనాడూ బొట్టులా ఉండేది కాదు, పక్కకి పాకి గీతలా ఉండేది. పొద్దున్నే తడిగుడ్డతో తుడవలేక నాకు విసుగొచ్చేది. పెద్దాయనకి అద్దమంటే లెక్కలేదు అనుకునేదాన్ని.

దానికి ఆయన పెట్టిన నియమం ఒకటి ఉంది. దీపం చూపించేటప్పుడు తెర వెలుగుతూ ఉండకూడదు. ఒకటి వెలుగుతుండగా దాని ముందు ఇంకోటి పెడితే దీపాన్ని చిన్నబుచ్చినట్టట. ఈ శాస్త్రం ఎక్కడుందో నాకు తెలీదు, ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆర్పడం అనే మాట కూడా ఆ వేళప్పుడు అనకూడదు. వాకిట్లోంచే, అమ్మీ దాన్ని పడుకోబెట్టు అని కేకేసేవారు. నేను మానిటరు మీట నొక్కేదాన్ని. ఆయన వెళ్ళగానే మళ్ళీ నొక్కేదాన్ని. ఇలా నొక్కీ నొక్కీ ఒకనాడు ఆ మీట లోపలికి పోయి, మళ్ళీ బయటికి రాలేదు. తెర వెలుగుతూనే ఉండిపోయింది. ప్లగ్గు లాగుదామంటే అది బెల్లం బస్తాల వెనకెక్కడో ఉంది. కంప్యూటరు మొత్తం ఆపేస్తే మళ్ళీ లేవడానికి దానికి ఒక యుగం పట్టేది. కొన్నాళ్ళు తువ్వాలు కప్పాను. మామగారు చూసి, శవానికి కప్పినట్టు ఆ గుడ్డేటి అని కసురుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కోరాపుట్ నుంచి ఫోను వచ్చింది. నాకు కంప్యూటరు నేర్పిన సారు. ఆడపిల్లలకి మాత్రమే కంప్యూటరు నేర్పే కేంద్రం ఒకటి పెడుతున్నారనీ, నేర్పడానికి ఆడవాళ్ళు కావాలనీ, వచ్చి వాళ్ళ ముందు ఒక పాఠం చెప్పి చూపించాలనీ అన్నారు. నారాయణపట్న, పొట్టంగి కొండల వైపు నుంచి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు వస్తారు, వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలి. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. సంతోషం వల్లే. వారంలో అయిదు రోజులు నాన్న దగ్గర ఉండి, శని ఆదివారాలు రాయగడ రావచ్చని ఫోను పెట్టేలోపే మనసులో అంతా అమర్చేసుకున్నాను.

మా ఆయనకి చెప్పాను. కాదనలేదు. వాళ్ళ నాన్నతో తనే మాట్లాడతానన్నాడు. ఆ మాట అన్నవాడు నిమ్మకు నీరెత్తినట్టు తిరిగాడు. ఇవాళ నాన్నకి తలనొప్పి, రేపు సరుకు లారీ వస్తుంది, ఎల్లుండి అమావాస్య. ఈ ఇంట్లో దుకాణానికి సెలవు లేదు, నా మాటకి మాత్రం రోజూ సెలవే. అడిగితే వద్దంటారేమో, వద్దంటే ఆ వద్దుని నేను మింగలేను. అందుకని పాఠం సిద్ధం చేసుకుని అప్పుడే చెబుదామనుకున్నాను. దుకాణం కంప్యూటర్లోనే, తెల్ల తెర మీద, ఒడియా అక్షరాలతో పాఠం చెయ్యడం మొదలుపెట్టాను. ఇప్పటికీ దాన్ని తప్పనుకోను.

కానీ తెలుపు దాచడం ఎలా? మా ఆయన విజయనగరం స్టేషన్లో నా కోసం కంప్యూటరు పత్రికలు కొని తెచ్చేవాడు. ఆ మేలు మాత్రం ఒప్పుకోవాలి. పత్రికతో పాటు ఒక సీడీ వచ్చేది, దాన్నిండా చిన్న చిన్న ప్రోగ్రాములు. ఒక మధ్యాహ్నం వాటిని తిరగేస్తుంటే ఒకటి దొరికింది. దాని పనల్లా ఒకటే, అడిగినప్పుడు మానిటరుని ఆపెయ్యడం. కంప్యూటరు ఆగదు, తెరిచిన పని తెరిచినట్టే ఉంటుంది, తెర మాత్రం నల్లబడుతుంది. మీటనో మౌసునో ముట్టుకుంటే మళ్ళీ వెలుగు. నేను కుర్చీలోంచి లేచి గదిలో రెండు చుట్లు తిరిగాను. ఇంత చిన్నది ఇంత పని చేస్తుందా అనిపించింది.

మూడు మీటలు కలిపి నొక్కితే అది పనిచేసేలా పెట్టుకున్నాను. మొదట కుదరలేదు. నొక్కగానే నల్లబడి, వెంటనే వెలిగిపోయేది. వేళ్ళు పైకి తీయడాన్ని కూడా అది ముట్టుకోవడం కిందే లెక్కేసుకుంటోందని తెలియడానికి ఒక పూట పట్టింది. తర్వాత దాన్లోనే ఒక వెసులుబాటు కనిపించింది. నొక్కిన తర్వాత కాస్త ఆగి ఆపమని చెప్పొచ్చు. ఆ కాస్తలో చేతులు ఒళ్ళో పెట్టేసుకోవాలి. వాకిట్లో మామగారి చెప్పుల చప్పుడు, ఇక్కడ తెల్ల తెర, మధ్యలో ఆ కాస్త.

దీపాలవేళ కూడా ఇదే అక్కరకొచ్చింది. తువ్వాలు పోయింది, తెర బుద్ధిగా నల్లబడుతోంది, మామగారు తృప్తిపడ్డారు. ఒక్క చిక్కు మిగిలింది. మా రోడ్డు మీద వెదురు లారీలు పోయేవి. లారీ పోతే బల్ల అదిరేది, బల్ల అదిరితే మౌసు కదిలేది, మౌసు కదిలితే తెర వెలిగేది. అందుకని తెర ఆపగానే మౌసుని తిరగేసి పెట్టేదాన్ని. మామగారు ఒకసారి చూసి, దాన్ని ఎల్లకిలా పడుకోబెట్టేవేటని అడిగారు. దానికీ విశ్రాంతి కావాలని చెప్పాను. నిజమే కాబోలని తలూపి వెళ్ళిపోయారు.

కోరాపుట్ వెళ్ళాల్సిన బుధవారం దగ్గరపడింది. మా ఆయన ఊళ్ళో లేడు, మామగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఆ శుక్రవారం సాయంత్రం పాఠం మొదటి పేజీ దిద్దుకుంటున్నాను. వాకిట్లో కేక వినిపించింది. మీటలు నొక్కాను, మౌసు తిరగేశాను, లేచి పక్కకి నిలబడ్డాను. మామగారు పళ్ళెంతో వచ్చారు. ఆయన మొహం చూడలేక నేను తెర వైపే చూస్తున్నాను. నల్లటి అద్దంలో దీపం కనిపిస్తోంది. ఆ దీపం నిలవడం లేదు.

గాలి అనుకున్నాను. కిటికీ మూసి ఉంది. ఫాను కూడా ఆపి ఉంది, దీపం వేళ అది ఆపాలని ఇంకో నియమం. వెనక్కి తిరిగి చూశాను. పళ్ళెం అంచుకి ప్రమిద తగిలి సన్నగా చప్పుడు చేస్తోంది. ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర్నుంచి వణుకుతోంది. ఎడమచేత్తో ఆ చేతిని అదిమి పట్టుకున్నారు, అయినా ఆగడం లేదు. అద్దం మీద బొట్టు పెట్టబోయారు. వేలు జారింది, కుంకం కీబోర్డు మీద చిందింది. అయ్యో అనుకుంటూ గబగబా ఉత్తరీయంతో తుడిచారు. ఆ తుడవడంలో మీటలు నొక్కుకున్నాయి.

తెర వెలిగింది. తెల్లగా. మధ్యలో నేను గీసిన చెయ్యి బొమ్మ, దాని కింద ఒడియాలో పెద్ద పెద్ద అక్షరాలు. ఇంగ్లీషు రాకపోయినా ఒడియా ఆయన ఆఫీసు కాగితాలు చదివేంత బాగా చదువుతారు. నిదానంగా చదివి, తెలుగులోకి తిప్పుకుని పైకే అన్నారు.

"భయపడకు. సెయ్యి ఇక్కడ పెట్టు."

పళ్ళెం బల్ల మీద దించారు. తర్వాత, ఇది ఎవరి కోసమని అడిగారు. దాచడానికి ఇంక ఏముంది? ఉన్నదంతా చెప్పేశాను. కోరాపుట్, పిల్లలు, పాఠం, బుధవారం. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ఆయన విన్నారు. పళ్ళెం తీసుకుని తక్కెడ దగ్గరికి వెళ్ళిపోయారు.

శనివారం ఏమీ అనలేదు. ఆదివారం ఏమీ అనలేదు. సోమవారం అన్నం దగ్గర పప్పు బాగుందన్నారు. నాకు పిచ్చెక్కిపోయింది. ఔనైతే ఔననాలి, కాదైతే కాదనాలి, ఈ మౌనం ఏమిటి? నీలం తెర ముందు కూర్చుంటే కాళ్ళు ఆగవు, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలీదు. ఒకే బిల్లు రెండుసార్లు రాశాను, ఇంకెవరికో వెళ్ళాల్సిన నూనె కల్యాణసింగ్‌పూర్ నుంచి సరుకుకొచ్చే ఆసామి పేరున వేశాను. అదే సమయంలో ఆ చెయ్యి కళ్ళ ముందునుంచి పోవడం లేదు. టీ గ్లాసు ఆయన రెండు చేతులతో పట్టుకోవడం, కాగితం రాయాల్సి వస్తే కళ్ళజోడు కనబడలేదని నాకు తొయ్యడం, నలుగురిలో కూర్చుంటే చెయ్యి ఉత్తరీయంలో పెట్టుకోవడం, ఇవన్నీ ఎప్పుడూ చూస్తున్నవే. చూడకుండా చూశానన్నమాట.

మంగళవారం పొద్దున్న, కలాసీలు ఇంకా రాకముందు, ఆయన దుకాణం తలుపులు తీస్తుంటే ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. రేపు వెళ్తున్నానని చెప్పాను. అనుమతి అడగలేదు. ఎల్లు అన్నారు. అంత సులువుగా వచ్చిన మాట నాకు చాలలేదు. ఇన్ని రోజులూ ఎందుకు మాట్లాడలేదని నిలదీశాను. ఆయన గల్లాపెట్టె ముందు కూర్చుని, ఉత్తరీయం పక్కన పెట్టి, ఆ చెయ్యిని నాకు కనిపించేలా పెట్టె మీద పెట్టారు.

"ఇది మొదలయ్యి నాలుగేళ్ళు దాటింది. విశాపట్నంలో సూపించుకున్నాను, మీ ఆయనకి కూడా సెప్పలేదు. తగ్గేది కాదన్నారు. నా రాత నలుగురూ సూసి నవ్వకూడదని ఆ కంప్యూటరు పెట్టె తెచ్చేను. నిన్నందుకే కూకోబెట్టేను. నీ సదువు కోసరం కాదమ్మి."

జాలి పడాల్సిన చోటు అది. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నేను గొప్పగా చెప్పుకున్న కుర్చీ అది. నా చదువుకి ఇచ్చిన విలువ అని పుట్టింట్లో కూడా చెప్పాను.

"అంటే మీ వణుకు దాచడానికి నన్ను వెనక గదిలో దాచేరా?"

"అవును" అన్నారు. బుకాయించలేదు. "నేనొచ్చినప్పుడల్లా నువ్వు తెర సీకటి సెయ్యలేదేటి?" అన్నారు.

ఎవరం తక్కువ తిన్నాం? కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఆ రోజంతా గిన్నెలు చప్పుడు చేస్తూనే పెట్టాను.

బుధవారం రైల్లో సొరంగం మీద సొరంగం వచ్చింది, ప్రతి చీకట్లోనూ పాఠం మొదటి వాక్యం మర్చిపోయి, వెలుతురు రాగానే గుర్తు తెచ్చుకున్నాను. కోరాపుట్‌లో నా ముందు నలుగురు పెద్దవాళ్ళనీ, వెనక బెంచీలో హాస్టలు పిల్లల్నీ కూర్చోబెట్టారు. పెద్దవాళ్ళని వదిలేసి పిల్లల దగ్గరికి వెళ్ళాను. ఒక్కొక్కళ్ళ చెయ్యి పట్టుకుని మౌసు మీద పెట్టాను. కంప్యూటరు పగలదనీ, పగిలితే నేను కట్టుకుంటాననీ చెప్పాను. వాళ్ళు నవ్వారు. నన్ను తీసుకున్నారు. వచ్చే నెల మొదటి నుంచి రమ్మన్నారు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి అసలు చిక్కు కూర్చుని ఉంది. బిల్లులు ఎవరు రాస్తారు? మా ఆయన కూర్చుంటే సరుకు కొనేదెవరు? బయటి మనిషిని పెడదామన్నాడు. మామగారు ససేమిరా అన్నారు. కొన్న ధర, అమ్మే ధర రెండూ ఆ కంప్యూటర్లో ఉన్నాయి. వ్యాపారి ఇంట్లో కొన్న ధర పరాయి కంట పడకూడదు, అది తాతల నాటి కట్టు. పోనీ మళ్ళీ చేతిరాత బిల్లులంటే, మామగారి చేతి సంగతి ముగ్గురిలో ఇద్దరికే తెలుసు, ఆ ఇద్దరం నోరు మెదపలేదు. మా ఆయన మా మొహాలు మార్చి మార్చి చూసి ఏమీ తెలియక సరుకుకి వెళ్ళిపోయాడు.

నేను రెండు రోజులు ఇంటికీ దుకాణానికీ మధ్య తిరిగాను. వెళ్తే ఆయన బయటపడిపోతారు. వెళ్ళకపోతే నేను ఈ బస్తాల మధ్య ముసలిదాన్నవుతాను. మూడో రోజు ఆయన దగ్గరికి వెళ్ళి, మానేస్తానని చెప్పాను. కోరాపుట్‌కి ఫోను చేసి చెప్పేస్తానన్నాను. మెచ్చుకుంటారనుకోలేదు గానీ, అంత కోపం వస్తుందనీ అనుకోలేదు.

"నా సేతికి జబ్బు సేస్తే నీ కాళ్ళు కట్టెయ్యాలా? కొండపిల్లలకి నేర్పుతావు గానీ నాకు నేర్పలేవా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. పద."

ఆ మధ్యాహ్నం నుంచి పాఠం మొదలు. మౌసు పట్టుకుంటే తెర మీద బాణం ఈ మూల నుంచి ఆ మూలకి గెంతేది. దాన్ని వదిలేశాం. బిల్లుల ప్రోగ్రాముకి మౌసు అక్కర్లేదు, సరుకులన్నిటికీ అంకెలే గుర్తులు, అంకెలు ఆయనకి నోటికి వచ్చినవే. కానీ మీట నొక్కితే వేలు దాని మీదే వణికి ఒక అయిదు మూడు అయిదులయ్యేది. ఉప్పు బస్తాలు అయిదు అనబోయి అయిదువందల యాభై అయిదు కొట్టారు. వ్యాగను తెప్పించాలి మరి అని ఆయనే నవ్వారు. వణికే చేతుల కోసం కంప్యూటర్లోనే ఒక అమరిక ఉందని వెతికి పెట్టాను. పొరపాటున పదే పదే తగిలే వేలిని అది లెక్కలోకి తీసుకోదు. అయినా ఒక్కో బిల్లుకి నేను నాలుగు రాసేంత సేపు పట్టేది. చెమట పట్టేది, విసుక్కునేవారు, నన్నూ తిట్టేవారు. నేనూ ఊరుకోలేదు, గురువుని తిట్టకూడదని చెప్పాను.

దీపాలవేళ తెర ఆపడం కూడా నేర్పబోయాను. మూడు మీటలు ఒకేసారి నొక్కడం ఆయన వల్ల కాలేదు. ఒకే మీటకి మారుస్తానన్నాను. అక్కర్లేదన్నారు. ఎలిగితే ఎలగనీ అన్నారు. ఆ సాయంత్రం మొదటిసారి వెలుగుతున్న తెరకే దీపం చూపించారు. నీలం వెలుగులో ఆయన వేళ్ళూ, వాటి వణుకూ, బొట్టు అంటని చోటూ అన్నీ స్పష్టంగా కనిపించాయి. శాస్త్రం ఏమైందని అడగలేదు. అది శాస్త్రం కాదని అప్పటికి నాకు తెలిసింది.

నేను బయల్దేరాల్సిన సోమవారం పొద్దున్నే లేచేసరికి వెనక గదిలో బల్ల ఖాళీగా ఉంది. కలాసీల చేత కంప్యూటరు మోయించి ముందు గదిలో, గల్లాపెట్టె పక్కన, కూర్చున్న మనిషి రోడ్డుకి ఎదురుగా ఉండేలా పెట్టించారు. లోపలే ఉంచుకోవచ్చు కదా, చెయ్యి ఎవరి కంటా పడదు కదా అన్నాను. కొనేవాళ్ళు ముందుంటే నేను వెనకెలా కూకుంటానన్నారు.

సంచి తీసుకుని బయటికి వచ్చేసరికి కల్యాణసింగ్‌పూర్ ఆసామి సరుకు చెబుతున్నాడు. ఎన్నో ఏళ్ళుగా ఈ దుకాణంలోనే కొనే మనిషి. మామగారు కుడిచేతిని ఎడమచేత్తో అదిమిపెట్టి, ఒక్కో అంకె వెతుక్కుంటున్నారు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. అందరి కళ్ళూ ఆ చేతి మీదే ఉన్నాయి. ఆసామి కాసేపు చూసి, కోడలమ్మ ఏదని అడిగాడు.

"కోరాపుట్‌లో పంతులమ్మయ్యింది" అన్నారు మామగారు, తెర మీంచి కళ్ళు తియ్యకుండా. తర్వాత అందరికీ వినిపించేలా అన్నారు. "నా సెయ్యి వణుకుతాది బాబూ. బిల్లు ఆలీసమవుతాది. కాస్త నిలబడండి."

ఎవరూ నవ్వలేదు. ఆసామి మెట్టు మీద సంచి దించి నిలబడ్డాడు. వెనకవాళ్ళూ నిలబడ్డారు. నాలుగేళ్ళు ఉత్తరీయంలో దాచిన చెయ్యి అది, నా కోసం బజారులో పెట్టేశారు. జీవితంలో మొదటిసారి నాకు ఎక్కడికీ వెళ్ళాలనిపించలేదు. సంచి పట్టుకుని నేనూ వాళ్ళతో పాటే నిలబడిపోయాను.

ఆయన తల తిప్పలేదు. ఇంకో అంకె వెతుక్కుంటూనే అన్నారు.

"నువ్వు నిలబడకమ్మి. నీ బండి నిలబడదు."